బతికున్న స్టామెన్‌కు సంతాపాలు

నెవ్యానా, నేనూ పందొమ్మిదేళ్లుగా ఒకే బల్లకు చెరోవైపు కూర్చుని పళ్ల సెట్లు చేస్తున్నాం. దాన్యూబు నది ఒడ్డున రూసే పట్నంలో, పెద్ద పోస్టాఫీసు వెనక సందులో మా ల్యాబ్. ఆమె మైనంతో చిగుళ్లు తీరుస్తుంది, నేను పళ్లు అమరుస్తాను. మనిషి నెమ్మదస్తురాలు. ఎవరితోనూ గట్టిగా ఒక మాట అని ఎరగదు. అలాంటి మనిషి నలభై తొమ్మిదో ఏట కవిత్వం రాయడం మొదలుపెట్టింది. ఎందుకు మొదలుపెట్టిందో నాకు తెలియదు. ఆమెను అడిగితే, "నాకూ తెలీదే, చేతికి అలా వచ్చేసింది" అనేది. డాక్టర్లు పంపే ఆర్డరు చీటీల వెనకవైపు రాసేది. ముందువైపు ఎవరివో దవడ కొలతలు, వెనకవైపు మంచు, చెర్రీ పూలు, చిన్నప్పటి మేక, భర్త తేనెటీగలు.

ఆ చీటీలు చెత్తబుట్టలోకి పోతున్నాయని నేనే ఆమెను 'నిశ్శబ్ద తీరం' అనే సైటులో చేర్పించాను. నేనూ చేరాను. మూడు వేల మంది ఉంటారు అందులో. నర్సులు, రైల్లో టికెట్లు చూసేవాళ్లు, రిటైరైన మాస్టార్లు, అందరూ కవులే. అందరికీ మారుపేర్లే. నువ్వు నా కవిత కింద రెండు మాటలు రాస్తే నేను నీ కవిత కింద రెండు మాటలు రాస్తాను, అక్కడి మర్యాద అది. నెవ్యానా తన పేరు 'అడవి పుదీనా' అని పెట్టుకుంది. మూడేళ్లలో ఆమె కవితల్లో దేనికీ పదకొండుకు మించి వ్యాఖ్యలు రాలేదు. ఆ పదకొండులో రెండు నావి.

ఆమె భర్త స్టామెన్ దాన్యూబులో ఇసుక తోడే పడవ మీద మెకానిక్కుగా చేసి, ముందుగానే పింఛను తీసుకున్నాడు. ఇప్పుడు తేనెటీగలే అతని లోకం. నలభై పెట్టెలున్నాయి. జూన్ చివర వాటిని ట్రాలీ మీద కట్టుకుని దోబ్రుజా పొద్దుతిరుగుడు చేలకు వెళ్లిపోతాడు. అక్కడే ఒక రేకుల బండిలో పడుకుంటాడు. మామూలుగా ఆదివారాలు ఇంటికి వచ్చి స్నానం చేసి, ఉతికిన బట్టలు పట్టుకుని వెళ్లేవాడు. ఆ ఏడు కారు పాడైంది. జూలై అంతా రాలేదు. వారానికి రెండుసార్లు ఫోను చేసేవాడు, అదీ "సీసాలు కడిగావా? మూతలు సరిపోతాయా?" అని అడగడానికే.

అప్పుడు నెవ్యానా ఈ కవిత పెట్టింది.

చెప్పుల జత గుమ్మం దగ్గరే ఉంది,
కప్పు బోర్లించే ఉంది.
ముప్పై ఏళ్లు ఇద్దరికి వండిన చెయ్యి
ఒక్కదానికి ఉప్పు వెయ్యలేకపోతోంది.

మర్నాడు ల్యాబ్‌కు వచ్చేసరికి ఆమె ముఖం పాలిపోయి ఉంది. ఫోను నా చేతిలో పెట్టింది.

"చూడవే గెర్గానా. నాకేమీ బోధపడటం లేదు."

నలభై రెండు వ్యాఖ్యలు. మొదటిది, "మాటలు రావడం లేదు. ఆయన ఆత్మకు శాంతి కలగాలి." రెండోది, "ఏడుస్తూ చదివాను. ధైర్యంగా ఉండు తల్లీ." తర్వాత అన్నీ అవే. గుండెపోటా అని ఒకరు అడిగారు. అవునట, పాపం, అని ఇంకొకరు జవాబిచ్చారు. వాళ్లిద్దరూ ఎవరో మాకు తెలియదు.

నాకు నవ్వాగలేదు. "స్టామెన్‌ని చంపేశావు కదే!"

"నేనెక్కడ చంపాను? పోయాడని ఒక్క మాటైనా రాశానా? చూడు, ఎక్కడుంది?"

"లేదు. కానీ ఉన్నాడని కూడా రాయలేదు."

"అయితే ఇప్పుడు ఏం చెయ్యను? బతికే ఉన్నాడు, తేనె తీస్తున్నాడు అని రాయనా?"

అక్కడ తప్పు నాది. "ఇంతమంది ఏడుస్తుంటే అలా రాస్తే ఏం బావుంటుంది? ధన్యవాదాలు అని ఒక్క మాట రాసి ఊరుకో. వారంలో మర్చిపోతారు" అన్నాను. ఆమె ధన్యవాదాలు అని రాసింది. సాయంత్రానికి ఆ ధన్యవాదాల కిందే మరో ఇరవై ఓదార్పులు వచ్చాయి.

వాళ్లు మర్చిపోలేదు. ముఖ్యంగా 'పాత లంగరు' మర్చిపోలేదు. అతని అసలు పేరు వెలిచ్కో. లోమ్ పట్నంలో భూగోళం మాస్టారుగా చేశాడు. భార్య త్స్వేతా పోయి అప్పటికి తొమ్మిది నెలలు. అందరూ కవిత కింద రాస్తే అతను విడిగా ఉత్తరం రాశాడు. పొడుగాటి ఉత్తరం, మీరు మీరు అంటూ. భార్య పోయాక తాను కవిత రాయలేకపోయాననీ, ఉప్పు గురించి రాసిన ఆ పంక్తి చదివాక వంటింట్లో కుర్చీ లాక్కుని కూర్చుండిపోయాననీ రాశాడు. మా వైపు మనిషి పోయిన నలభయ్యో రోజున ఫొటోతో సంతాప నోటీసు తలుపుకు అంటిస్తారు. చివర దాని గురించే అడిగాడు: "నలభయ్యో రోజు నోటీసు ఇంటి తలుపుకు అంటించారా? ఏ ఫొటో వేశారు? నేను ఫొటో ఎంచుకోలేక మూడు రోజులు తిరిగాను."

నెవ్యానా ఆ ఉత్తరాన్ని నాలుగుసార్లు చదివింది. "ఇంకా అంటించలేదండీ" అని జవాబు రాసింది.

"అది అబద్ధం కాదుగా?" అని నన్నడిగింది.

"నిజమే, నువ్వు అంటించలేదు కదా" అన్నాను. ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ఆమె చేతిలో మైనం గట్టిపడిపోయింది.

అలా వేసవంతా ఉత్తరాలు నడిచాయి. అతను త్స్వేతా గురించి రాసేవాడు. ఈమె స్టామెన్ గురించి రాసేది. పడవ మీద పని చేసే రోజుల్లో జేబులో చేప పెట్టుకుని డాన్సుకు వచ్చిన సంగతి, ఒకసారి కోపం వచ్చి తొమ్మిది రోజులు మాట్లాడని సంగతి, అన్నీ. అన్నీ జరిగినవే. రాస్తూ రాస్తూ బల్ల దగ్గరే కళ్లు తుడుచుకునేది.

"ఎందుకేడుస్తున్నావే? మొన్నేగా ఫోను చేశాడు" అనేదాన్ని.

"అదే నాకూ తెలీడం లేదు. ఫోనులో మాట్లాడే మనిషి వేరు, నేను రాసే మనిషి వేరు అనిపిస్తోంది. ఈ రెండోవాడు నిజంగానే లేడేమో, గెర్గానా."

ఎవరి దవడో బల్ల మీద ఎదురుచూస్తోంది. దాన్ని చేతిలోకి తీసుకున్నాను.

సెప్టెంబరులో స్టామెన్ ఇల్లు చేరాడు. ఎండకు నల్లబడి, గడ్డం పెంచుకుని, కారు నిండా తేనె డబ్బాలతో. నెవ్యానా గుమ్మంలో నిలబడి అతన్ని అలా చూస్తూ ఉండిపోయిందట. ఆ వారమంతా అతనికి ఇష్టమైనవన్నీ వండింది. కాల్చిన మిరపకాయల కూర, జున్ను పొరల బానిత్సా, రెండు రోజులు నానబెట్టిన చిక్కుళ్లు. నాలుగో రోజు అతను చెంచా కింద పెట్టాడు.

"ఏంటి సంగతి? డాక్టరు నా గురించి ఏమైనా చెప్పాడా?"

"ఏం చెప్తాడు? తిను."

"లేదు, నా ముఖం వంక అదోలా చూస్తున్నావు. మా అమ్మ ఆఖరి వారంలో మా నాన్న ఆమెని ఇలాగే చూశాడు."

ఆమె అప్పుడైనా చెప్పాల్సింది. చెప్పలేదు.

అక్టోబరులో 'నిశ్శబ్ద తీరం' వాళ్లు ఏటా ఒకసారి కలుసుకుంటారు. ఆ ఏడు ట్రియావ్నా అనే ఊళ్లో. నెవ్యానా రానంది. కానీ ఆమె కవితకే ఆ ఏటి బహుమతి, చెక్క మీద చెక్కిన ఒక పువ్వు. బస్సులో వెళ్దామని నేనూ ఆమే అనుకున్నాం. స్టామెన్ విన్నాడు.

"బస్సెందుకు? కారు బాగైంది. నేను దింపుతాను. అంతమంది కవులుంటే నాలుగు సీసాలు తేనె కూడా పంచొచ్చు."

"నీకు అక్కడ తోచదు" అంది నెవ్యానా.

"తోచకపోతే బయట కూర్చుంటా. పెళ్లానికి బహుమతి ఇస్తుంటే చూడొద్దా?"

దారి పొడుగునా ఆమె నోరు విప్పలేదు. వెనక సీటులో నేను తేనె సీసాలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. చెప్పు, ఇప్పుడు చెప్పు అని మనసులో ఎన్నిసార్లు అనుకున్నానో. అనడానికి నాకే నోరు రాలేదు.

హాలు గుమ్మంలోనే ఒక సన్నటి పొడుగాటి మనిషి ఎదురొచ్చాడు. బూడిద రంగు కోటు, చేతిలో టోపీ. నెవ్యానా ఛాతీ మీది కాగితంలో పేరు చదివి ఆమె రెండు చేతులూ పట్టుకున్నాడు.

"నేను వెలిచ్కోనండీ. ఎలా ఉన్నారు? నిద్ర పడుతోందా?"

అతను ఆమె వెనక తేనె సీసాలతో నిలబడ్డ మనిషిని చూసి తల వంచి పలకరించాడు.

"మీరు ఆవిడ తమ్ముడై ఉంటారు. మీరు పక్కన ఉండటం మంచిదైంది."

"తమ్ముణ్ణేంటి? మొగుణ్ణి" అన్నాడు స్టామెన్.

వెలిచ్కో చేతులు వదిలేశాడు. ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

"మొగుడా?" అన్నాడు మెల్లగా. "క్షమించండి... నాకనవసరమే. కానీ మూడు నెలలే కదా అయింది."

"మూడు నెలలేంటి? ముప్పై ఒక్క ఏళ్లయింది."

"ముప్పై ఒక్క ఏళ్లు పోయినాయనతో. నేను అడిగేది..."

"పోయిందెవరయ్యా?"

అప్పటికి నెవ్యానా గోడకు చేరగిలబడింది. "స్టామెన్, నువ్వే" అంది. అంతకన్న వివరంగా చెప్పే శక్తి ఆమెకు లేదు. నేను ఫోను తీసి కవిత చూపించాను.

స్టామెన్ కళ్లద్దాలు పెట్టుకుని బెంచీ మీద కూర్చున్నాడు. కవిత చదివాడు. తర్వాత కింద ఉన్నవన్నీ మొదటి నుంచి చదవడం మొదలుపెట్టాడు. నూట ఎనిమిది ఉన్నాయి అప్పటికి. హాల్లో ఎవరో మైకు సరిచేస్తున్నారు. అతను వేలితో పైకి జరుపుతూ చదువుతూనే ఉన్నాడు.

"గుండెపోటా?" అని తలెత్తి నన్నడిగాడు.

"ఎవరో అలా అన్నారు."

"హూఁ." మళ్లీ చదివాడు. "ఇదెవరో నా మీద కవిత రాశారు. తేనెటీగలు నన్ను వెతుక్కుంటున్నాయట." కళ్లద్దాలు తీసి తుడిచాడు. అతనికి కోపం వచ్చిందో నవ్వు వచ్చిందో నాకు తెలియలేదు. అతనికీ తెలిసినట్టు లేదు. "నేను బతికుండగా నా గురించి ఇన్ని మంచి మాటలు ఎవరూ అన్లేదే నెవ్యానా. నువ్వు కూడా అన్లేదు."

వెలిచ్కో మాత్రం బయటికి వెళ్లిపోయాడు. నెవ్యానా అతని వెనకే పరిగెత్తింది. నేనూ వెళ్లాను. వంతెన దగ్గర రాతి గట్టు మీద టోపీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

"నేను మీకు రాసినవన్నీ జరిగినవి" అన్నాడు ఆమె వంక చూడకుండా. "త్స్వేతా గురించి నా కూతురికి కూడా చెప్పనివి మీకు చెప్పాను."

"నేను రాసినవి కూడా జరిగినవేనండీ. ఒక్కటీ కల్పించలేదు."

"మరి నన్నెందుకు అలా నమ్మనిచ్చారు?"

"మొదట సిగ్గేసింది. తర్వాత... మీకు రాస్తుంటే నాకు నిజంగానే ఏడుపొచ్చేది. దొంగ ఏడుపు కాదు. ఎవరి కోసం ఏడుస్తున్నానో మాత్రం నాకిప్పటికీ తెలీదు."

అతను టోపీ తీసి తల మీద పెట్టుకున్నాడు. "ప్రతి ఆదివారం చర్చిలో ఆయన కోసం కింద ఇసుకలో, పోయినవాళ్ల వరసలో, కొవ్వొత్తి పెట్టాను. త్స్వేతా పక్కన. బతికున్నవాళ్ల పైవరసలో పెట్టాల్సిన మనిషికి." లేచి బస్టాండు వైపు నడిచాడు.

నెవ్యానా బహుమతి తీసుకోలేదు. తిరుగు దారిలో స్టామెన్ ఒక్కసారే మాట్లాడాడు. "ఆ చెప్పులు... అవి చేనుకి పనికిరావు. అందుకే ఇంట్లో వదిలాను. నీకు చెప్పాల్సింది" అన్నాడు. అదేదో క్షమాపణలా ఉంది. ఎవరు ఎవరికి చెప్పుకోవాలో మా ముగ్గురికీ తెలియని క్షమాపణ.

మర్నాడు ఆమె సైటులో ఉన్న సంగతి రాసింది: నా భర్త బతికే ఉన్నాడు, కవిత ఆయన గురించే, మిమ్మల్ని ముందే సరిదిద్దనందుకు తప్పు నాదే. కొందరు తిట్టారు. కన్నీళ్లు తిరిగిమ్మని ఒకావిడ అడిగింది. బతికున్నవాడి కోసం ఇంత రాసినావిడ ఆయన నిజంగా పోతే ఏం రాస్తుందో అని ఇంకొకరు వెటకారం చేశారు. సైటు నడిపేవాళ్లు కవితను 'వియోగం' విభాగంలోంచి 'ప్రేమ'లోకి మార్చమంటారా అని అడిగారు. ఆమె రెండు రోజులు ఆలోచించి, "తెలియదు" అని జవాబిచ్చింది. వాళ్లు దాన్ని 'ఇతరములు'లో పెట్టారు.

వెలిచ్కో దగ్గర నుంచి మాటా పలుకూ లేదు. నెవ్యానా మూడు ఉత్తరాలు రాసి మూడూ పంపకుండా చెరిపేసింది. శీతాకాలంలో ఆమె కవితలు రాయలేదు. చీటీల వెనకవైపు ఖాళీగా ఉండేది. స్టామెన్ మాత్రం కొంచెం మారాడు. ఆమె ఏదైనా చెప్తుంటే రేడియో ఆపి వినేవాడు. "అర్థం అవుతుందని కాదు, వింటున్నాను అంతే" అనేవాడు నాతో.

ఫిబ్రవరిలో ఒక ఉత్తరం వచ్చింది. కంటి ఆపరేషను కోసం వెలిచ్కో రూసే వస్తున్నాడు. "మీకు అభ్యంతరం లేకపోతే ఒకసారి కలుస్తాను. మీ ఆయన్ని కూడా. నేను సంతాపపడిన మనిషిని సరిగ్గా చూడలేదు" అని రాశాడు.

నెవ్యానా నన్నూ భోజనానికి పిలిచింది, ఒక్కతే తట్టుకోలేనని. ఒక కంటికి కట్టుతో వచ్చాడు మాస్టారు. మొదటి పది నిమిషాలు నలుగురం వాతావరణం గురించే మాట్లాడాం. చికెన్ సూప్ వడ్డించాక అతను కోటు జేబులోంచి మడత కాగితం తీశాడు.

"ఇన్నాళ్లకు ఒకటి రాశాను. సైటులో పెట్టలేదు. ముందు ఇక్కడ చదవాలనిపించింది. ఎందుకో అడగకండి, నాకూ సరిగ్గా తెలీదు." ఒంటికంటితో దగ్గరగా పట్టుకుని చదివాడు.

స్వెటర్లన్నీ ఇచ్చేశాను.
కిటికీ మూశాను.
వంటింట్లో దీపం ఆర్పాను.
మళ్లీ వెళ్లి కిటికీ మూశాను.

నెవ్యానా, నేనూ సైటులో రాసే మాటలు వెతుక్కుంటున్నాం. అద్భుతం, హృదయాన్ని తాకింది, అలాంటివి. ఏదీ నోట్లోంచి రాలేదు. స్టామెన్ రొట్టె తుంచుతూ అడిగాడు.

"మీ ఆవిడకి చలి ఎక్కువా, మాస్టారూ?"

వెలిచ్కో కాగితం దించాడు. "మీకెవరు చెప్పారు? ఇందులో అది లేదే."

"మూసిన కిటికీనే మళ్లీ మూశారుగా."

మాస్టారు కాగితం మడిచి పళ్లెం పక్కన పెట్టాడు.

"మే నెలలో కూడా ఉన్ని మేజోళ్లు వేసుకునేది" అని మొదలుపెట్టాడు. "పొయ్యి దగ్గర కూర్చుని నన్ను తిడుతూ ఉండేది, తలుపు వెయ్యి, తలుపు వెయ్యి అని..."

సూప్ చల్లారిపోతోంది. ఎవరూ చెంచా ముట్టుకోలేదు. స్టామెన్ కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు.