రేడియోలో బతికిపోయిన రాణి

ఒక రాణిని చంపడానికి వెళ్లి, నేనే చావు అంచుదాకా వెళ్లొచ్చిన కథ ఇది. మీరు నవ్వండి, పర్వాలేదు. ఆనాడు నాకు మాత్రం చొక్కా తడిసి వీపుకు అతుక్కుపోయింది.

పంతొమ్మిది వందల యాభైల్లో నేను సంగారెడ్డి బడిలో తెలుగు పంతుల్ని. ఒక పాత విషాద పద్యనాటకాన్ని అరగంటకు కుదించి పంపితే హైదరాబాదు రేడియోవాళ్లు పద్యాలు ఇంకొంచెం తగ్గించుకుని రమ్మన్నారు. కథ చిన్నది. రాజు యుద్ధంలో పోయాడన్న అబద్ధపు కబురు నమ్మి రాణి విషం తాగుతుంది. రాజు తిరిగొచ్చి శవం మీద పడి పద్యాలు పాడతాడు. రాజు వేషం మా ఊరి దర్జీ రహీం సాబుది. ఆయన పద్యం ఎత్తుకుంటే పటాన్‌చెరు దాకా వినబడుతుందని మా నమ్మకం.

చిక్కంతా విషం దగ్గరే వచ్చింది. రంగస్థలం మీదైతే గిన్నె ఎత్తడం కనబడుతుంది. రేడియోలో ఎలా? "గుటకల చప్పుడు నేను చేస్తాను," అన్నాను గొప్పగా.

"నోటితో చేయండి, చాలు. నీళ్లు మాత్రం వద్దు. జనం అప్పటికప్పుడే వింటుంటారు, దిద్దుకోవడానికి ఉండదు," అన్నారు నాటకం నడిపే అధికారి.

నేను వింటేగా! సహజంగా ఉండాలని గ్లాసెడు నీళ్లు చాటుగా తెచ్చుకున్నాను.

ప్రసారం మొదలైనట్టు ఎర్రదీపం వెలిగింది. అంతే! నాలుక అట్టలా ఎండిపోయింది. విషం ఘట్టం రాగానే రాణి వేషం వేసినామె చివరి పద్యం చదివి మైకు ముందునుంచి తప్పుకుంది. నేను ముందుకొచ్చి గ్లాసెత్తాను. ఒక గుటక. రెండు గుటకలు. మూడోది పొలమారింది.

రహీం సాబు అప్పటికే అందుకున్నాడు. "హా దేవీ! ప్రాణములు విడిచితివా!"

"ఖళ్! ఖళ్ ఖళ్!" అంది శవం, నా గొంతుతో.

స్టూడియో అద్దం వెనక అధికారి తల పట్టుకున్నారు. నేను రెండు చేతులతో నోరు మూసుకుంటే దగ్గు ముక్కులోంచి వచ్చింది. నా పరువు, ఉద్యోగం రెండూ కళ్లముందే కూలిపోయాయి.

రహీం సాబు తడబడ్డాడు గానీ తగ్గలేదు. "దేవీ! బతికితివా! విషము తాకి నీ స్వరము గిట్ల మారెనా?" అని, నా చెవిలో గుసగుసలాడాడు: "పంతులు సాబ్, ఇగ ఏడుపు పద్యాలు ఎట్ల పాడాలె? పెండ్లాం బతికింది గద!"

"ఏదో ఒకటి పాడు సాబ్, నీకు దండం పెడ్త!"

ప్రసారం ముగియడానికి ఇంకా ఐదు నిమిషాలున్నాయి. ఆయన పెళ్లి మంగళహారతి ఎత్తుకున్నాడు. చచ్చిన రాణి వేషం వేసినామె నావైపు చూసి పళ్లు నూరుకుంటూ వంత పాడింది.

బయటికొచ్చాక అధికారి మెల్లగా అడిగారు. "పద్యాలు తగ్గించమన్నాను గానీ, చావు తీసేయమన్నానా?"

మర్నాడు బస్సు దిగి, ఎవరి కంటా పడకుండా సందుల్లోంచి ఇల్లు చేరాను. మా అత్తగారు తలుపు చాటు నుంచి పలికింది. "అల్లుడా, మస్తుగున్నది నాటకం. నా చిన్నప్పటి సంది సూస్తున్న, ఆ పిల్ల సస్తనే ఉండె. నువ్వొక్కనివే బతికిచ్చినవు. గని బిడ్డా, గంత గొంతున్న మొగోన్ని రాణి ఏషానికి ఎవలు పెట్టిండ్రు?"

ఆ గడపలోనే చెప్పులైనా విప్పకుండా ప్రమాణం చేశాను. ఈ జన్మలో ఇక రేడియోలో ఎవరికీ విషం పోయను. ఎవరైనా చావక తప్పదంటే కత్తితోనే చావాలి. అదీ నేను ఊళ్లో లేనప్పుడు.