తోలు ముట్టకుండా కుట్టిన రోజులు

మొన్న పెత్రమాసకు ఎర్రుపాలెం రమ్మని మా పెదనాన్న మనవడు తన కొత్త కారు పంపించాడు. తలుపు తీయగానే తోలు సీట్ల వాసన ముఖాన కొట్టింది. డ్రైవరు అదే గొప్పన్నట్టు, "అసలు లెదర్ మేడం, రెగ్జిన్ కాదు" అన్నాడు. అద్దం దించమన్నాను. ఖమ్మం దాటేదాకా చీర కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకునే కూర్చున్నాను. సీటు అంచు పొడుగునా తెల్లదారం కుట్టు ఎక్కడా వంకర పోకుండా సాగింది. మిషనుకు గైడు బిగించి కుట్టారని చూడగానే తెలిసిపోయింది. అది తెలిసినందుకు కూడా నాకు రోత పుట్టింది.

మా చిన్నతనమంతా ఆ వాసనలోనే గడిచింది. ఎర్రుపాలెంలో మా తాతగారు బతికున్న రోజుల్లో ఎడ్లను చూసుకోవడానికే ఒక పెద్ద పాలేరు ఉండేవాడట. నాకు బుద్ధి తెలిసేసరికి నాన్న వాటా పొలం కోర్టు వ్యాజ్యాల్లో కరిగిపోయింది. పెదనాన్న వాటా ఎలాగో నిలిచింది. మేము నాయనమ్మను వెంటబెట్టుకుని పినపాక పక్కన అడవి అంచు ఊరికి వచ్చి పడ్డాం. అక్కడ పశువులు లేని పశువుల కొట్టంలోకి ఒక తోలు మిషను వచ్చింది. మణుగూరులో గని కార్మికులకు నడుము బెల్టులు కుట్టే ఒకాయన దుకాణం ఎత్తేస్తుంటే నాన్న కొని ఎడ్లబండి మీద తెచ్చాడు. ఇళ్లల్లో రవికలు కుట్టుకునే మిషను కాదు అది. దించడానికి నలుగురు మనుషులు పట్టారు. కింద మోటారు, దబ్బనమంత సూది, తోలును పైనుంచి తొక్కుతూ ముందుకు నడిపే ఇనుప పాదం. అది నడిస్తే వంటింట్లో గిన్నెలు అదిరేవి.

ఎండాకాలం కొంత నయం. అడవిలో ఇప్పపువ్వు రాలే రోజుల్లో ఆ మత్తు వాసన ఊరంతా కమ్మేసి కొట్టం వాసనను కాస్త అణిచేది. వానలు పడ్డాయంటే మాత్రం నరకమే. తంగేడు చెక్క నీళ్లలో పదునుచేసిన మేకతోళ్లు తేమకు మెత్తబడి పులిసిన గంజిలా కంపు కొట్టేవి. వాటి మీద పచ్చగా బూజు పట్టేది, ఆ బూజును గుడ్డతో తుడిస్తే గుడ్డ కంపు కొట్టేది, గుడ్డ ఉతికిన నీళ్లు పారిన చోట ఈగలు ముసిరేవి. బంక డబ్బా మూత తీస్తే తల తిరిగేది. అమ్మ ఆవకాయ కలిపినా, అట్లు పోసినా, ముసురు రోజున వేడివేడిగా మొక్కజొన్న గారెలు వండినా నోట్లో పెట్టుకునేసరికి తోలు నమిలినట్టే ఉండేది. నా జడలో, నా పుస్తకాల్లో, పండగకు కట్టుకున్న పరికిణీ మడతల్లో అదే వాసన. బడి ఆవరణలో అచ్చనగిల్లలు ఆడుతుంటే ఆడపిల్లలు నన్ను చూసి, "తోలు దొరసాని వస్తుంది, ముక్కులు మూస్కోండ్రే" అని నవ్వేవాళ్లు. నేను గులకరాళ్లు అక్కడే వదిలేసి, మెడ వంచకుండా నడిచి వచ్చేదాన్ని. మెడ వంచకూడదని మా ఇంట్లో నడక వచ్చిన నాటి నుంచీ నేర్పుతారు.

ఇల్లు గడవాలి కాబట్టి నాయనమ్మ మిషనును ఒప్పుకుంది. ఒక్క షరతు పెట్టింది.

"మిషను నడుపుకో శేషయ్యా, నేను కాదనను. తోలు మాత్రం చేత్తో ముట్టుకున్నావో, పెత్రమాసనాడు వరసలో నీకు విస్తరి పడదు."

ఆ వరస ఏమిటో చెప్పాలి. పెత్రమాస అంటే బతుకమ్మ మొదలయ్యే అమావాస్య, మాకు పెద్దల పండగ. చనిపోయిన తాతముత్తాతలకు ఎర్రుపాలెం ఇంట్లో అన్నం పెట్టి, ఆ తర్వాత ఇంటి మగవాళ్లంతా వసారాలో ఒకే వరసలో కూర్చుని తింటారు. మొదటి విస్తరి పెదనాన్నది, రెండోది నాన్నది. పొలం పోయాక ఆ ఇంట్లో నాన్నకు మిగిలింది ఆ రెండో విస్తరి ఒక్కటే. ఏడాది పొడుగునా ఎవరు ఎన్ని మాటలన్నా ఆ ఒక్క పూట ఆయన తన తండ్రి కొడుకులా కూర్చునేవాడు. దాన్ని పోగొట్టుకోవడానికి ఆయన సిద్ధంగా లేడు.

అందుకని గైడు బిగించాడు. అదేమంత గొప్ప వస్తువు కాదు. గోడలా నిలువుగా వంచిన ఉక్కు ముక్క, దాని అడుగున అటూ ఇటూ జరుపుకోవడానికి పొడుగాటి గాడి. సూదికి కుడిపక్కన దాన్ని మరతో బిగిస్తే తోలు అంచు ఆ గోడను రాసుకుంటూ పోతుంది, కుట్టు అంచుకు ఎప్పుడూ ఒకే దూరంలో పడుతుంది. లోకంలో అందరూ కుట్టు తిన్నగా రావాలని గైడు పెడతారు. మా నాన్న చెయ్యి మైల పడకుండా ఉండాలని పెట్టాడు. గోడ ఉంటే తోలును వేళ్లతో పట్టి తిప్పే పని ఉండదని ఆయన ఆలోచన. ఎడమపక్కనుంచి వెదురు బద్దతో నెడితే చాలు. ఆ బద్ద కొసకు జారకుండా సైకిలు ట్యూబు ముక్క చుట్టాడు.

మొదటిసారి గోడ ఒక వెంట్రుకవాసి ఏటవాలుగా కూర్చుంది. తోలు మధ్యలో ఉబ్బి ముడతలు పడింది. రెండోసారి సూదికి మరీ దగ్గరగా పెడితే ఇనుప పాదం లేచి దిగినప్పుడల్లా గోడను టక్కుటక్కున కొట్టింది. తర్వాత మోటారు ఆపి, చక్రాన్ని చేత్తో నెమ్మదిగా తిప్పుతూ, పాదానికీ గోడకూ మధ్య అట్టముక్క దూరేంత సందు చూసుకుని మర బిగించాడు. ఆ రోజు బెల్టు కుట్టు గీత గీసినట్టు వచ్చింది. తోలు కోసి, బంక రాసి, అంచు మడిచి బల్ల మీద పెట్టడానికి ఒక కూలి మనిషి వచ్చేవాడు. అతని చేతులు మైలపడితే మా నాయనమ్మకు పట్టింపు లేదు. అతను వెళ్లాక బల్ల మీద పసుపు నీళ్లు చల్లేది. అది తలుచుకుంటే నాకు బూజు పట్టిన తోలే నయమనిపిస్తుంది.

తిన్నటి బెల్టులకు బద్ద పనికొచ్చింది. బైబిలు తొడుగుల దగ్గర చిక్కు వచ్చింది. చుట్టుపక్కల క్రైస్తవ కుటుంబాలు క్రిస్మస్ నాటికి కొత్త తోలు తొడుగులు కావాలని వానాకాలంలోనే పురమాయించేవాళ్లు. తొడుగుకు గుండ్రటి మూలలు ఉంటాయి. మూల దగ్గర గైడు గోడ అడ్డం పడుతుంది, తోలును వేళ్లతో పట్టుకుని కొద్దికొద్దిగా తిప్పాలి. నాన్న సూదిని తోలులో దించి, పాదం ఎత్తి, రెండు బద్దలతో చచ్చిన ఎలుకను తోసినట్టు తోసేవాడు. మూలలన్నీ కుక్క కొరికినట్టు వచ్చేవి. పొడుగు గోడ తీసేసి, సూది పక్కన మాత్రమే తగిలే పొట్టి గోడ బిగించి చూశాడు. కొంత మెరుగైంది కానీ అందం రాలేదు. అంత ఆస్తిని ఏలిన ఇంటి మగవాడు మేకతోలు చుట్టూ బద్దలు పట్టుకుని అలా తంటాలు పడుతుంటే నేను గుమ్మంలో నిలబడలేక లోపలికి వెళ్లిపోయేదాన్ని.

పెత్రమాస దగ్గర పడిన రోజుల్లో ఒక సాయంత్రం మా బడి టీచరు మార్తమ్మ వచ్చింది. వాళ్ల చర్చి వాళ్ల తొడుగులన్నీ ఆమె చేతి మీదుగానే పురమాయించేవాళ్లు. నాన్న ఆమె తొడుగునే కుడుతున్నాడు. నాయనమ్మ వసారాలో చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. మార్తమ్మ కొట్టం వాకిట్లో నిలబడి కాసేపు చూసింది.

"ఏందన్నా, కట్టెతోటి నెడుతున్నవ్?"

"అలవాటు టీచరమ్మా. గైడు ఉంది కదా, చెయ్యి అక్కర్లేదు."

"మూలకాడ గైడు ఏం జేస్తది? చెయ్యే గావాలె." ఆమె గొంతు పెంచలేదు. "మా తాత చెప్పులు కుట్టిండు. ముట్టనీకి నీకు రోత అయితే చెప్పు, తీస్కపోత. గిది మా దేవుని పుస్తకానికి తొడిగేది. నువ్వు నెట్టేది తోలును గాదు, మమ్ముల."

నాన్న తల ఎత్తి వసారా వైపు చూశాడు. నాయనమ్మ చేతిలో చిక్కుడుకాయ అలాగే ఆగిపోయింది. నాన్న బద్దలు రెండూ కింద పెట్టాడు. మర వదులు చేసి గైడు పక్కకు జరిపాడు. ఎడమ అరచెయ్యి తోలు మీద పరిచి, చక్రం చేత్తో తిప్పుకుంటూ మూల చుట్టూ ఒక్కో కుట్టే వేశాడు. ఆ మూల బాగా కుదిరింది. మార్తమ్మ వేలితో తడిమి చూసి, "గట్ల" అంది, అంతే.

ఆమె గేటు దాటాక నాయనమ్మ అంది: "పెత్రమాస ముందర పెట్టుకుని ఎంత పని చేశావురా."

"అన్నయ్యకు చెప్తావా అమ్మా?"

ఆమె చిక్కుడుకాయల చేట తీసుకుని లోపలికి వెళ్లింది. పెదనాన్నకు చెప్పేసింది, పెత్రమాసకు మేము ఎర్రుపాలెం స్టేషనులో దిగి ఇంటికి చేరిన గంటలోపే.

ఆ రోజు పెరట్లో మేకను కోశారు. మా ఇంటి పెద్దలకు మాంసం పెట్టడం ఆనవాయితీ. మసాలా నూరిన వాసన, గుమ్మడికాయ కూర, పాయసం, అప్పుడే వంచిన అన్నం ఆవిరి, పెరటి దండెం మీద ఆరేసిన మేకతోలు, దాని మీద ఈగలు. పిల్లలకు, ఆడపిల్లలకు ముందే పెట్టేశారు. తర్వాత మగవాళ్లు వరసగా కూర్చున్నారు. నాన్న రెండో విస్తరి ముందు కూర్చుని నీళ్లు చల్లుకున్నాడు.

పెదనాన్న తన విస్తరి వైపే చూస్తూ, "శేషూ, నువ్వు అవతల కూచో. పెద్దోళ్లకు పెట్టే రోజు" అన్నాడు.

"తోలు మన పెరట్లోనే ఆరుతోంది గదా అన్నయ్యా."

"అది అమ్మేదిరా. కుట్టేది కాదు."

వరస చివర్నుంచి చిన్నాన్న వరసాయన ఒకాయన, "లేవమంటే బాధేందిలే, విస్తరాకులు కూడా కుట్టినవే, మనోడికి గైడు పెడితే ఇంకా తిన్నగా కుడతాడు" అన్నాడు. వరసంతా నవ్వింది. నాయనమ్మ గడప దగ్గర పీట మీద ఆకు వేసుకుని కూర్చుని ఉంది. నాన్న ఆమె వైపు చూశాడు. ఆమె తన ఆకులోని ముక్కను నోట్లో పెట్టుకుంది.

నాన్న విస్తరిని తన వైపు సగానికి మడిచాడు, తిని ముగించినవాడిలా. లేచి చెయ్యి కడుక్కున్నాడు. అమ్మ సంచి తీసుకుంది. నాయనమ్మ కూడా మా వెంటే రైలెక్కింది, ఎందుకంటే పెదనాన్న ఆమెను ఉండమనలేదు. బోనకల్ దాటుతుంటే నాకు తిన్న మాంసమంతా గొంతులోకి వచ్చింది. కిటికీలోంచి కక్కేశాను. నాకు ఇప్పటికీ మేకమాంసం పొసగదు.

మర్నాడు నాన్న గైడును మళ్లీ తిన్నగా బిగించాడు. ఈసారి కుట్టు కోసం మాత్రమే. బద్దలను అమ్మ పొయ్యిలో పెట్టింది. తొడుగుల పనితోనే మేము చదువుకున్నాం. నాయనమ్మ పోయేదాకా ఆయన కుట్టి సంపాదించిన తిండే తిన్నది, కానీ ఆయన చేతి నీళ్లు తాగలేదు. నీళ్ల చెంబు నేను అందించేదాన్ని. ప్రతిసారీ నాకు ఒళ్లు జలదరించేది. ఆ జలదరింపుకు తోలు వాసనతో సంబంధం లేదు.

నాన్న పోయి చాలా ఏళ్లైంది. కొట్టం పడిపోయింది. తోలు తొడుగులు ఎవరూ పురమాయించడం లేదు, బైబిలు ఫోన్‌లో చదువుతున్నారు. బెల్టులు ఎక్కడో ఫ్యాక్టరీలో తయారై వస్తున్నాయి. ఎర్రుపాలెం నుంచి ఏళ్ల తరబడి పిలుపు లేదు. ఈసారి పెదనాన్న మనవడు స్వయంగా ఫోన్ చేసి, "అత్తమ్మా, పాతవన్నీ వదిలెయ్యండి, మీ నాన్నగారి పేరు కూడా తలుచుకుని పెడతాం" అన్నాడు. అందుకే వెళ్లాను. నాన్న పేరును రెండో విస్తరి దగ్గర వినాలని, ఆ విస్తరి ముందు నేను కూర్చోవాలని, ఆడదాన్నైనా సరే ఆ రోజు ఎవరూ లేపకూడదని.

పాత ఇల్లు పడగొట్టి కట్టిన మేడ ముందు షామియానా వేశారు. కేటరింగ్ వాళ్లు బల్లల మీద స్టీలు డబ్బాలు పేర్చారు. మనుషులంతా కాగితపు ప్లేట్లు పట్టుకుని, నడుములకు తోలు బెల్టులు, కాళ్లకు తోలు బూట్లు వేసుకుని, నిలబడి మాట్లాడుకుంటూ తింటున్నారు. నాన్న పేరు మైకులో ఎవరో చదివారు. ఎవరూ ఎవరినీ అవతల కూర్చోమనడం లేదు, ఎందుకంటే ఎవరూ కూర్చోలేదు. నా చేతిలో ప్లేటు పెట్టబోయిన కుర్రాడిని, వరస ఎక్కడ వేస్తారని అడిగాను.

"వరసేందమ్మా, లైన్‌లో నిలబడండి" అన్నాడు.

నాన్నను లేపిన చోటు అక్కడ లేదు. ఆయనను తిరిగి కూర్చోబెట్టడానికి ఇక వీలుపడదు. నిలబడి తినడం మా ఇంట్లో నేర్పలేదు. తినకుండానే వచ్చేశాను.