బాస్ దగ్గర వంట చేసిన మనిషి

కొంటాలో రోడ్డు పక్కన మాకో చిన్న హోటల్ ఉంది. ఆంధ్రా సరిహద్దు దాటి వచ్చే లారీల వాళ్లే మాకు ఆధారం. వంటమనిషి మానేయడంతో అవస్థ పడుతున్న రోజుల్లో, కాకినాడ వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చి పని అడిగాడు. వండి చూపించమన్నాం. ఆ చేపల పులుసు తిన్నాక మా ఆయన ఇంకేమీ అడగలేదు.

అడగాల్సినవి తర్వాత మొదలయ్యాయి. పెద్దాయన దగ్గర ఫోన్ లేదు. ఎప్పుడు తిన్నా గోడకు ఆనుకుని, రోడ్డు కనబడేలా కూర్చునేవాడు. కొత్తవాళ్లెవరైనా లోపలికి వస్తే గరిటె ఆపి వాళ్లు కూర్చునేదాకా చూసేవాడు. యూనిఫాం వాళ్లు చాయ్‌కి వస్తే పెరట్లో కట్టెల దగ్గరికి వెళ్లిపోయేవాడు.

"ఏంది ఈ మనిషి? ముఖ్‌బిర్ గాదు గదా?" అన్నాడు మా ఆయన ఓ రోజు, గొంతు తగ్గించి.

ముఖ్‌బిర్ అంటే అడవిలో అన్నల కబుర్లు పోలీసులకు మోసేవాడు. మా వైపు ఆ మాట ఒకసారి మీద పడిందంటే ఆ మనిషి బతుకు ఇక సరి. అడవిలోవాళ్లు అన్నం పెట్టినవాళ్లనీ వదలరు. అప్పటినుంచి నేనూ పెద్దాయన్ని కనిపెట్టి చూడటం మొదలుపెట్టాను. సంతకి వెళ్తే ఎవరితో మాట్లాడాడో కూరగాయలామెను అడిగేదాన్ని. ఎవరితోనూ మాట్లాడలేదనేది. అది ఇంకా అనుమానంగా ఉండేది.

ఆ చలికాలం జగదల్‌పూర్ నుంచి భద్రాచలం వెళ్తూ ఇద్దరు తెల్లవాళ్లు, మొగుడూ పెళ్లాం, మా హోటల్ ముందు కారు ఆపారు. వాళ్ల ఇంగ్లీషు చెవిన పడగానే పెద్దాయన చేతిలో గిన్నె జారిపోయింది. పెరటి తలుపు తీసుకుని వెళ్లిపోయాడు. వాళ్లు చాయ్ తాగి, మా చంటిదానికి టాటా చెప్పి వెళ్లారు. నేను పెరట్లోకి వెళ్లేసరికి ఆయన కట్టెల వెనక దాక్కుని ఉన్నాడు.

"ఎవరు పెద్దాయనా నువ్వు? నిజం చెప్పు. లేకుంటే ఈ పూటే పొమ్మంట."

"చెప్తానమ్మా," అని కట్టెల వెనకనుంచి లేచి వచ్చాడు. తర్వాత చెప్పాడు.

వయసులో ఓడల్లో వంటవాడిగా తిరిగాడట. అమెరికాలో ఒక రేవులో దిగి, మళ్లీ ఓడ ఎక్కలేదు. కాగితాలు లేని మనిషికి పని ఇచ్చింది ఒక హోటల్ ఓనరు. ఆ ఓనర్నే అందరూ బాస్ అనేవారు.

"చిన్నప్పుడు ఆ రేవులోనే చేపల బుట్టలు మోశాడంటమ్మా. తమ్ముణ్ణి కొట్టినోణ్ణి నీళ్లలోకి తోసేశాడంట. అప్పట్నుంచి కూలీలందరూ ఆయన మాటే. సరుకు దిగాలన్నా, లారీ కదలాలన్నా ఆయన ఊ అనాలి. ఎదురు తిరిగినోళ్లు మళ్లీ కనబడేవోరు కాదు. కానీ ఆదివారం చర్చికెళ్లి ఏడ్చేవోడండి. నాకు జొరమొస్తే తనే డాక్టర్ని తీసుకొచ్చాడు."

ఒక మధ్యాహ్నం ఆ హోటల్ వెనక గదిలో బాస్, తన దగ్గరే పెరిగిన కుర్రాణ్ణి చంపించాడు. పోలీసులకు చెప్పేశాడని అనుమానం. ఆ కుర్రాడు ఏమీ చెప్పలేదు. భోజనం పట్టుకెళ్లిన ఈయన అంతా చూశాడు.

"నేను చెప్పానమ్మా. కోర్టులో నిలబడి చెప్పాను. బాస్ జైల్లోనే పోయాడు. నన్ను ఇంటికి పంపేశారు."

"మరి ఇంకెందుకు భయం?"

"అలవాటైపోయిందమ్మా. ఊళ్లో కూడా, అన్నం పెట్టినోణ్ణి పట్టిచ్చాడన్నారు. ఎవరూ దగ్గరికి రానియ్యలేదు."

ఆ సాయంత్రం మా ఆయనకు అంతా చెప్పాను. ఆయన నమ్మినట్టూ లేదు, నమ్మనట్టూ లేదు. "అమెరికా అంటడు, బాస్ అంటడు. ఒకసారి చెప్పినోడు మళ్ల చెప్పడా?" అన్నాడు.

మేం పెద్దాయన్ని పొమ్మనలేదు. కానీ ఆయన వంటింట్లో ఉంటే మా మాటలు బజారులో కూరగాయల ధర దగ్గరే ఆగిపోయేవి. ఆయనకది తెలిసింది. ఒక పొద్దున ఇడ్లీ పిండి రుబ్బి, పొయ్యి ముట్టించి, బ్యాగు తీసుకుని నా దగ్గరికి వచ్చాడు.

"నేను రాగానే మాటలాగిపోతున్నాయమ్మా. మీ తప్పు కాదు. వెళ్లొస్తాను."

ఉండమని అనబోయి ఆగిపోయాను. ఆయన సుక్మా బస్సెక్కాడు.

మొన్న వానల తర్వాత, కిరందుల్ నుంచి వచ్చిన ఒక లారీ డ్రైవరు మా పులుసు తింటూ, అక్కడి మెస్సులో కాకినాడ ముసలాయన ఇంతకన్నా బాగా చేస్తాడన్నాడు. మా ఆయన గల్లా దగ్గర్నుంచి లేచొచ్చి అతని ఎదురుగా కూర్చున్నాడు.

"మంచిగున్నడా?"

"బాగానే ఉన్నాడు. ఎందుకు, మీకు తెలుసా?"

"తెల్వదు," అన్నాడు మా ఆయన. "మేం అడిగినమని నువ్వు అక్కడ చెప్పకు."