సంపూర్ణమ్మ తలకి నూనె రాసుకున్న శుక్రవారం

కృపామణికి నర్సుగా ముప్ఫై ఏళ్ల సర్వీసు. ఇబ్రహీంపట్నంలో ఆరింటి బస్సెక్కి, బెజవాడలో దిగి ఆటో పట్టుకుని, ఆడవాళ్ల వార్డులో అడుగుపెట్టేసరికి మోకాళ్లు పట్టేస్తాయి. నోరు మాత్రం పట్టెయ్యదు. ఆ నోటికి జడిసి రోగుల తాలూకు వాళ్లెవరూ మంచాల మీద కూర్చోరు.

ఆవిడ గోలంతా ఒక్కటే: ఈ జనం నిజం చెప్పి చావరు! మాత్ర వేసుకున్నారా అంటే ఓ, వేసుకున్నామంటారు. దిండెత్తితే అక్కడుంటుంది.

ఆ శుక్రవారం పొద్దున ఇన్సులిన్ తీసుకుని ఏడో నంబరు మంచం దగ్గరకి వెళ్లింది. కొండపల్లి నుంచి వచ్చిన సంపూర్ణమ్మ మంచం అది. షుగరు వల్ల కాలికి పుండు. మూడు రోజులుగా కట్టు కడుతున్నది కృపామణే.

“టిఫినొచ్చిందా?”

“వచ్చిందమ్మా. నువ్వు పొడిచెయ్యి, ఆనక తింటా.”

సిరంజి మూత తియ్యబోతూ కృపామణి ఆగింది. నిన్నటిదాకా చింపిరిగా ఉన్న జుట్టు ఇవాళ నున్నగా దువ్వి ఉంది. నూనె చెవుల మీదికి కారుతోంది. మొహానికి పౌడరు కూడానూ! ఆసుపత్రిలో ఈ ముస్తాబేమిటి? ఓరి దేవుడా, శుక్రవారం, చర్చిలో ఉపవాస ప్రార్థన! ఉపవాసమున్నట్టు నలుగురికీ తెలియకూడదు, తలకి నూనె రాసుకుని మొహం కడుక్కోవాలని చిన్నప్పుడు ఆదివారం బడిలో తనూ నేర్చుకుంది. పక్క మంచం ఆవిడ చూస్తే తనదీ సంపూర్ణమ్మదీ రెండు పొట్లాల ఇడ్లీ ముందేసుకుని కూర్చుంది.

“రాత్రన్నా తిన్నారా?”

సంపూర్ణమ్మ గోడవైపు తిరిగింది. కృపామణికి ఒళ్లు మండిపోయింది. వేలు గుచ్చి చూస్తే షుగరు ఎనభై రెండు. ఈ మందు పడి, కడుపులో మెతుకు పడకపోతే మనిషి స్పృహ తప్పుతుంది. ఎవరూ చూసుకోకపోతే ప్రాణమే పోతుంది. డ్యూటీ డాక్టరు హరిబాబుకి ఫోన్ చేసి, టిఫినొచ్చినా ఈవిడ తినలేదని చెప్పింది.

“టిఫిన్ వచ్చిందన్నారుగా సిస్టర్, ఛార్టులో ఉన్నట్టు ఇచ్చెయ్యండి.”

“తినని మనిషికి నేనివ్వనండీ. వచ్చి చూడండి, లేదా ఆపమనండి, రాసుకుంటా.”

“సరే, ఆపండి. వస్తున్నా,” అన్నాడతను విసుగ్గా.

కృపామణి ఇటు తిరిగింది. “ప్రార్థన చేసుకోండి, ఎవరొద్దన్నారు! నాతో ఒక్క ముక్క చెబితే మీ సొమ్మేం పోయిందండీ? ఇంతకీ దేనికోసం ఈ ఉపవాసం?”

“కాలు కోసమమ్మా. రేపు తీసేస్తారంటగా. వరండాలో మా అబ్బాయి పాల్‌తో డాక్టర్లు అంటుంటే విన్నా. వాడేమో నాకు చెప్పడు. కాలు పోతే కూలికెట్టా పోను?”

“కాలని ఎవరన్నారు? తీసేది చిటికెన వేలు!”

“వేలేనా?”

“వేలే. మిగతా పాదమంతా బాగానే ఉంది.”

సంపూర్ణమ్మ కాసేపు నమ్మలేదు. తర్వాత ఏడ్చింది. ఆ తర్వాత కోపమొచ్చింది.

“మూడు రోజుల్నుంచీ ఈ కాలు ఒళ్లో పెట్టుకుని కట్టు కడతన్నావు. తడపొద్దన్నావు, కదపొద్దన్నావు, తిట్టావు కూడా. ఈ ఒక్క ముక్క చెప్పబుద్ధి కాలేదా తల్లీ?”

కృపామణి మంచం పక్కన కూలబడింది. “తప్పు నాదేనండీ,” అంది. కట్టు విప్పి, ఆ వేలేదో చూపించింది.