తొమ్మిదో నిమిషం ఎల్లాజీది

మా పేటలో గడియారం చూసి బతికేది తాతమ్మ అనే ఆవిడ ఒక్కతే. ఒడ్డున రేకుల గదిలో వైర్‌లెస్ సెట్టు ముందు కూర్చుని, వేటకెళ్ళిన పదహారు బోట్లకూ గంటలో తలా ఒక నిమిషం పంచిపెట్టింది. నీ నిమిషం వస్తే ఎక్కడున్నావో చెప్పాలి. మిగతావాళ్ళు నోరెత్తకూడదు. ఇద్దరు ఒకేసారి బటన్ నొక్కితే ఎవరి మాటా అర్థం కాదు, గుర్రుమని మోతే మిగులుతుంది. ఎవడైనా అడ్డం పడ్డాడా, వాడి ఏడు తరాలనూ ఎత్తి తిట్టేది. ఆ తిట్లకు భయపడే మావాళ్ళు క్షేమంగా తిరిగొచ్చేవారని నా నమ్మకం.

తొమ్మిదో నిమిషం ఆమె మొగుడు ఎల్లాజీది. అతని సెట్టుకు బ్యాటరీ పాతది. అందుకని ఆ ఒక్క నిమిషమే సెట్టు వేసి, మాట చెప్పి కట్టేసేవాడు.

మొన్న కార్తీకంలో గాలి తిరిగిన రోజు, పదీ తొమ్మిది నిమిషాలకు ఎల్లాజీ పలకలేదు. పదకొండూ తొమ్మిదికీ పలకలేదు. అంతే, బోట్లన్నీ ఒక్కసారిగా "బావా", "మావా" అంటూ అతన్ని పిలవడం మొదలుపెట్టాయి. ఆపదలో ఉన్నవాణ్ణి పిలవకుండా ఊరుకోవడం మావాళ్ళకు చేతకాదు.

"నోళ్ళు ముయ్యండ్రా! మీరంతా అరుస్తంటే ఆయన మాట ఎలగొస్తాది? ఆయన నిమిషం ఆయనకొగ్గీండి!" అని తాతమ్మ కసిరింది.

పన్నెండూ తొమ్మిది అయింది. అందరూ ఊరుకున్నారు. పది సెకన్లు, ఇరవై సెకన్లు, సెట్టులో చప్పుడు లేదు. తట్టుకోలేక తాతమ్మే బటన్ నొక్కేసింది. "ఏటయ్యా, ఎక్కడున్నావు? ఒక్క మాట సెప్పు, నీ కాళ్ళు మొక్కుతాను" అంటూ నిమిషం దాటేదాకా ఏడ్చింది.

బటన్ వదలగానే మరిది ధర్మేంద్ర తన బోటు నుంచి పలికాడు. "వదినా, నువ్వు మాటాడతన్నప్పుడు నీ గొంతు కింద అన్న గొంతు ఇనిపించినాది. ఏటన్నాడో తెలీనేదు."

ఒంటిగంటకు తాతమ్మ మైకు తీసి పక్కన కూర్చున్న నా చేతిలో పెట్టి, "నేనడిగినా నాకియ్యకు" అంది. తొమ్మిదో నిమిషంలో సముద్రం మీద ఒక్కడూ కిక్కురుమనలేదు. ఏ మాటా రాలేదు. ఆ తర్వాత కూడా రాలేదు. బోటు దొరకలేదు, మనిషీ దొరకలేదు.

ధర్మేంద్ర ఒడ్డుకొచ్చినప్పటి నుంచీ ఆమెది రోజూ ఒకటే ప్రశ్న. "మీ అన్న ఏటన్నాడ్రా?" తెలీదంటే తల బాదుకుంటుంది. చూడలేక నిన్న వాడు, "నిన్ను పేరెట్టి పిలిచినాడు వదినా. తాతమ్మా అన్నాడు" అనేశాడు.

పాతికేళ్ళ కాపురంలో ఎల్లాజీ ఆమెను "ఒసే" అనడమే గాని పేరు పెట్టి పిలిచింది లేదు. ఆ సంగతి పేటంతటికీ తెలుసు. తాతమ్మ వాడి మొహంలోకి చూసింది.

"ఇంకోపాలి సెప్పు" అంది.