చలపతి గారి అసూయ బల్ల

కడియంలో కంప్యూటర్ మీద మొక్కల బొమ్మలు గీసే చలపతి గారిది ఒక్కటే గుణం: అసూయ. అది అందరికీ ఉండేదే. కాకపోతే అందరూ దాచుకుంటారు, ఆయన తలనొప్పి చెప్పుకున్నట్టు చెప్పుకునేవారు. "అమ్మాయి గారూ, మీ మందారం చూశాక నాకు అసూయగా ఉందండి. వస్తాను," అని వెళ్లి తన డీటీపీ సెంటరు ముందున్న బల్ల మీద కూలబడేవారు.

ఆ అసూయకు మెట్లున్నాయి. ఆకారం కుదిరిన బొమ్మ చూస్తే కూర్చునేవారు. రంగు కూడా కుదిరితే గోడకు చేరబడేవారు. నీడలు సైతం కుదిరాయా, షట్టరు సగం దించేసి, మొహాన తువ్వాలు కప్పుకుని పడుకునేవారు. నర్సరీల వాళ్లు మోటార్ సైకిల్ ఆపకుండానే బల్ల వైపు ఓ చూపు విసిరి, ఎదురు దుకాణంలో ఇవాళ బొమ్మ ఎలా వచ్చిందో తెలుసుకునేవారు.

ఆ ఎదురు దుకాణం సత్యకుమారిది. అది రెండు వేల మూడు, ఆవిడ దుకాణం పెట్టి ఇంకా ఏడాదైనా కాలేదు. ఆవిడకిదేం నవ్వులాటగా లేదు. నర్సరీ లోవరాజు గారు తన క్యాటలాగు బొమ్మలు ఇద్దరిలో ఒకరికే ఇస్తానన్నారు. పరీక్ష, క్రోటను మొక్క. సోమవారం సాయంత్రానికి గీసి చూపించాలి. ఆ పని దక్కకపోతే ఆవిడ దుకాణం మూసేసి, నరసాపురంలో అక్క పక్కన కూర్చుని లేసు అల్లుకోవాలి. చలపతి గారేమో మౌసు పట్టుకుంటే వెంట్రుకంత గీత కూడా వణకదు. ఆయన అసూయ పైకి చెప్పుకునేవారు, ఈవిడ లోపల పడేది. అంతే తేడా.

సోమవారం పొద్దున్నే చలపతి గారు వచ్చి, చొక్కా జేబులోంచి క్రోటను ఆకు తీసి, అడక్కుండానే ఆవిడ మానిటరు మీది బొమ్మకు ఆనించి చూశారు.

"ఏంటండీ మేష్టారూ, బల్లకు వేళైందా?" అంది సత్యకుమారి, కాస్త గర్వంగానే.

"లేదమ్మా. నాకేం అనిపించట్లేదండి."

"అంటే?"

"అసూయ కలగట్లేదు. ఇందాకట్నుంచీ చూస్తున్నాను, ఎక్కడా కలగట్లేదు."

పుట్టి బుద్ధెరిగాక ఆవిడను ఎవరూ అంత మాట అనలేదు.

"రంగులన్నీ ఆకు చూసే వేశానండి."

"వేశారు. స్టిక్కరు అంటించినట్టు వేశారు. మడత లోపల కూడా ఎరుపు అంత ఎర్రగా ఉంటుందాండీ?" ఆయన ఆకును కిటికీ దగ్గర పట్టుకుని తిప్పారు. వెలుగు తగిలిన వైపు నారింజ, మడతలో నల్లవంకాయ. "పొద్దున్నే ఇంత దూరం వచ్చానండి. కాస్త అసూయ కూడా పడనివ్వరు," అని సణుక్కుంటూ రోడ్డు దాటి వెళ్లిపోయారు.

ఇంత దూరమంటే పన్నెండు అడుగులు.

సత్యకుమారి ఆ కోపంతో భోజనం మానేసి కూర్చుంది. మూడింటికి ఆయన వచ్చి చూసి, వెళ్లి కూర్చున్నారు. నాలుగున్నరకు చూసి చేరబడ్డారు. ఐదున్నరకు, మడతల్లోకి నల్లవంకాయ రంగు దిగేసరికి, వెళ్లి షట్టరు సగం దించి తువ్వాలు కప్పేసుకున్నారు.

ఆరింటికి లోవరాజు గారు దిగారు.

"చలపతి గారూ, మీ బొమ్మ ఏదండీ?"

"అసూయతో చెయ్యి ఆడలేదండి," అంది తువ్వాలు. "ఎదురింటికి వెళ్లండి."

"అసలేం గీయలేదా?"

"అది చూశాక ఇంకేం గీస్తామండీ. వెళ్లండి, పడుకోనివ్వండి."

క్యాటలాగు సత్యకుమారికి దక్కింది. లోవరాజు గారు అటు వెళ్లగానే ఆవిడ ఇటు పరిగెత్తుకొచ్చింది. సెంటరులో ఫ్యాను ఊరికే తిరుగుతోంది. ఆపుదామని షట్టరు కింద నుంచి దూరి, అలాగే నిలబడిపోయింది.

మానిటరు మీద క్రోటను మొక్క. పడమటెండ ఆకు వెనక నుంచి వడపోసినట్టు దిగుతోంది. ఈనె ఈనెకూ ఒక నీడ, నీడ నీడకూ ఒక రంగు. కింద మూలన చలపతి గారి సంతకం, మొన్న శనివారం తేదీ.

బయటికొచ్చేసరికి ఆవిడ మొహం కందగడ్డలా ఉంది. ఆనందం ఏమూలనో ఉంది గానీ, ముందు బయటపడింది అది కాదు.

"మేష్టారూ, ఆకు వెనక నుంచి ఎండ ఎలా తెప్పించారండీ? నాకు ఒళ్లు మండిపోతోంది."

తువ్వాలు కొంచెం కదిలింది.

"రేపు రండమ్మా, చూపిస్తాను. ఇవాళ అసూయలో ఉన్నాను కదా."