మంచు సముద్రానికి పిన్నితో

మా పిన్ని రిటైరైన ఏడాది ఒకరోజు పొద్దున్నే ఫోన్ చేసి, పలకరింపులేవీ లేకుండా, "ఒసే గుంటా, ఐసు సముద్రానికి ఓడలెల్తాయంట కదా, నువ్వొస్తావేటి?" అని అడిగింది.

పిన్ని మా అమ్మకు ఆఖరి చెల్లెలు. మా వైపు గుంట అంటే పిల్ల, పిన్నికి నేనెప్పుడూ గుంటనే. పాతపట్నం దగ్గర ఒక మిషన్ ఆసుపత్రిలో నర్సుగా పనిచేసింది. పెళ్ళి చేసుకోలేదు. వయసులో ఉన్నప్పుడు టీకాల పెట్టె భుజాన వేసుకుని ఒడిశా వైపు కొండూళ్ళన్నీ తిరిగేది. మందులు చెడిపోకుండా ఆ పెట్టెలో ఐసు ఉండేది. టీకాలయ్యాక పిల్లలు ఆ ఐసు కోసం కొట్టుకునేవారట. ఆ ఐసు మోసీ మోసీ, ఐసు తప్ప ఇంకేమీ లేని చోటు ఎలా ఉంటుందో చూడాలనే కోరిక తనకు అప్పుడే పుట్టిందని చెప్పింది. నేను విజయనగరంలో జూనియర్ కాలేజీలో పాఠాలు చెబుతాను. మా ఆయనకు భీమిలిలో పడవ చూస్తేనే కళ్ళు తిరుగుతాయి కాబట్టి ఆయన్ను తోడడిగే పని లేదు. "వస్తాను పిన్నీ" అన్నాను. ఆ క్షణంలో అంటార్కిటికా ఎక్కడుందో కూడా సరిగా ఆలోచించలేదు.

అక్కడ వేసవి అంటే మనకు డిసెంబరు. పేరుకే వేసవి. బట్టల గురించి మొదట ఇద్దరం ఒకేలా పొరబడ్డాం. బాగా మందంగా ఉన్న కోటు ఒకటి కొనుక్కుంటే చాలనుకున్నాం. విజయనగరంలో చలికాలం నేపాలీలు రోడ్డు పక్కన పరిచి అమ్మే స్వెట్టర్లలో పిన్ని గొంగళి లాంటిదొకటి ఏరి పెట్టుకుంది. ప్రయాణం ఏర్పాటు చేసిన అమ్మాయి ఫోన్లో అది విని నవ్వింది. మందంగా ఒక్కటి కాదు, పల్చగా మూడు పొరలు వేసుకోవాలంది. ఒంటికి అంటుకుని ఉండే లోపలి బట్టలు, వాటి మీద వెచ్చటి ఉన్ని చొక్కా, అన్నిటికన్నా పైన గాలీ నీళ్ళూ లోపలికి రానివ్వనిది. నూలు బట్టలు అసలు వద్దంది. చెమ్మ పడితే అవి ఆరవు, ఒంటికి చలి పట్టిస్తాయి. గ్లవ్స్ రెండు జతలు, ఎందుకంటే ఒక జత తడవడం ఖాయం. నల్ల కళ్ళద్దాలు, ఎండకు రాసుకునే క్రీము. మంచు మీద పడిన ఎండ కిందనుంచి కూడా మొహాన్ని కాలుస్తుందట. బూట్లు ఓడలోనే అరువిస్తారు, మనం మేజోళ్ళు మాత్రం తెచ్చుకోవాలి.

ఇవన్నీ పిన్ని బుద్ధిగా విన్నది. నీళ్ళు దిగని పేంటు దగ్గర మాత్రం ఆగిపోయింది.

"పేంటా? నానా?"

"రబ్బరు పడవలో నీళ్ళు మీద పడతాయి పిన్నీ. చీరతో కుదరదు."

"అరవయ్యేళ్ళు దాటినాక పేంటెయ్యమంతన్నావు. మా సర్చి సంఘంలో ఆడోళ్ళు సూస్తే ఏటనుకుంటారు?"

"అక్కడ మీ సంఘం ఉండదు. పెంగ్విన్లే ఉంటాయి."

వైజాగు షాపులో ట్రయల్ గదిలోకి వెళ్ళి చాలాసేపటికి గానీ బయటికి రాలేదు. వచ్చాక అద్దం ముందు అటూ ఇటూ తిరిగి, రెండడుగులు పెద్దగా వేసి చూసుకుని, "ఇంత సులువుగా ఉంటాదని ఇన్నాళ్ళూ ఒక్కరూ సెప్పనేదేటే?" అంది.

అలా విమానాలు మారుతూ దక్షిణ అమెరికా చివరి కొస దాకా వెళ్ళాం. ఓడ నేననుకున్నంత పెద్దది కాదు. ఈత కొలనులూ నాట్యాలూ ఉండే ఓడలు వేరట. ఇది మంచులోకి చొచ్చుకుపోయే చిన్న ఓడ. ఎక్కిన రోజే బృందం నాయకురాలు, పొడుగాటి మనిషి, అందరినీ కూర్చోబెట్టి చెప్పింది. రేపు ఎక్కడికి వెళ్తామో తనకే తెలియదనీ, గాలీ మంచూ ఎటు పోనిస్తే అటే వెళ్తామనీ. "గంటగంటకీ మారిపోతుంది. మారినప్పుడు విసుక్కోకండి" అంది. తర్వాత మా బ్యాగులన్నీ తెప్పించి, జేబుల్లో, కుట్లలో ఉన్న దుమ్మంతా వాక్యూమ్ మిషన్‌తో లాగించింది. బయటి విత్తనం ఒక్కటి కూడా ఆ నేల మీద పడకూడదట. పిన్ని భుజం సంచీ కుట్టులోంచి జీలకర్ర గింజలు రెండు, పొట్టుతో సహా ఒక వడ్లగింజ బయటపడ్డాయి. అందరూ వంగి చూశారు. పిన్ని ఆ వడ్లగింజను అరచేతిలో పెట్టుకుని, "నరసన్నపేటలో బస్సు కోసం బస్తాల మీద కూకున్నాను, అప్పుడు దూరుంటాది" అని నాతో తెలుగులో సంజాయిషీ చెప్పుకుంది.

ఆ కొసకీ మంచు ఖండానికీ మధ్య ఉన్న సముద్రం చెడ్డదని ముందే చెప్పారు. వాంతి మాత్ర కడుపులో తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే పని చేయదు, ముందే వేసుకోవాలి. పిన్ని తను వేసుకుని, నాకూ వేసింది. అయినా నేను మంచానికి అతుక్కుపోయాను. పడుకుంటే తల గోడకు జారుతుంది, మళ్ళీ కాళ్ళు గోడకు జారతాయి. గదిలో కుర్చీలను గొలుసులతో నేలకు కట్టేశారు. పిన్ని మాత్రం మూడు పూటలా భోజనానికి వెళ్ళి, సంచీలో తెచ్చుకున్న చింతకాయ పచ్చడి ఆ బ్రెడ్డుకు రాసుకుని తిని వచ్చేది.

ఓడలో ఎప్పుడూ ఒక చెయ్యి కడ్డీ మీద ఉండాలని అందరికీ చెప్పారు. పిన్ని ఆ మాట పాటించింది కూడా. కానీ స్నానాల గది తలుపుకు నీళ్ళు బయటికి రాకుండా ఎత్తు గడప ఉంటుంది. రెండో రోజు మధ్యాహ్నం ఆవిడ ఆ గడప దాటుతుంటే ఓడ ఒక్కసారి పక్కకు ఒరిగింది. నేను లేచేలోపు కింద పడింది.

"ఏటయింది పిన్నీ?"

"ఆగు, ముట్టుకోకు." అలాగే నేల మీద కూర్చుని తన మోకాలు తనే నెమ్మదిగా నొక్కి చూసుకుంది. "ఇరగనేదు. మనింట్లో గడపలాగే ఉంటాదనుకున్నాను. ఇది కదిలిపోయే గడప."

ఓడ డాక్టరు వచ్చి చూశాడు. ఎముక బాగానే ఉంది, పక్కనున్న నరం సాగింది. వాపు దిగడానికి రోజులు పడుతుంది. ఒడ్డుకు దిగడం మాత్రం వద్దన్నాడు. రబ్బరు పడవలోంచి నీళ్ళలోకి కాలు పెట్టి, తడి రాళ్ళ మీద నడిచి, మంచు ఎక్కాలి. ఆ మోకాలితో కుదరదు. ఆ మాట చెప్పడానికి ఆయన చాలా ఇబ్బంది పడ్డాడు. పిన్ని ఆయన చెయ్యి తట్టి ఇంగ్లీషులో, "నేను నర్సును. నేనైనా ఇదే చెబుతాను" అంది.

ఆయన వెళ్ళాక ఏడ్చింది నేను. ఇంత దూరం ఎవరి కోరిక మీద వచ్చాం? పిన్ని నన్ను కాసేపు ఏడవనిచ్చి, "అయిందేటి? లెగు. రేపు నువ్వు దిగాల" అంది.

"నువ్వు లేకుండా నేనెందుకు?"

"నానుంటే నిన్ను మోస్తానేటి? ఎల్లి సూసొచ్చి సెప్పు."

మర్నాడు పొద్దున్నకు ఓడ కదలడం ఆగిపోయింది. కిటికీ తెర తీస్తే తెల్లటి కొండలు నీళ్ళలోంచి నిలువునా లేచి ఉన్నాయి. పిన్ని నా పొరలన్నీ తనే సరిచేసింది. మేజోడు మడత పడితే విప్పించి మళ్ళీ వేయించింది. చలికి బ్యాటరీ అయిపోతుందని ఫోను లోపలి జేబులో పెట్టింది. బయటి క్రిములు అంటకుండా బూట్లు మందు కలిపిన నీళ్ళ తొట్టిలో ముంచి, లైఫ్ జాకెట్టు వేసుకుని, పడవలో మనిషి ముంజేయి పట్టుకుని దిగాను.

నన్ను ముందుగా తాకింది చలి కాదు, వాసన. పాలకొండ సంతలో ఎండుచేపల వరుస పక్కన నిలబడితే ఎలా ఉంటుందో అంతకు నాలుగింతలు. వేలకొద్దీ పెంగ్విన్లు. ఒకటి గూటి కోసం నోట్లో చిన్న రాయి పట్టుకుని, నన్ను ఏ స్తంభమో అనుకున్నట్టు నా బూటు పక్కనుంచే నడిచిపోయింది. చలి కూడా నేను భయపడ్డంత లేదు. గాలి లేనప్పుడు జిప్పు తీసేయాలనిపించింది. గాలి లేవగానే చెంపలు మొద్దుబారాయి.

తిరిగి వచ్చేసరికి పిన్ని కిటికీ దగ్గర కాలు చాపుకుని కూర్చుని ఉంది. ఆవిడ అడిగినవి నేను ఊహించని ప్రశ్నలు. కొండలెంత అందంగా ఉన్నాయో అడగలేదు. మంచులో కాలు ఎంత లోతు దిగింది? అడుగేస్తే చప్పుడొచ్చిందా? పెంగ్విను పిల్లల్ని తల్లి చూస్తుందా, తండ్రి కూడా చూస్తాడా? అన్నీ చెప్పాను. చెబుతుంటే నేను చూసినవి నాకే బాగా గుర్తుండిపోయాయి. తర్వాతి రోజుల్లో దిగిన ప్రతిసారీ పిన్ని ఏమడుగుతుందో తలుచుకుంటూనే తిరిగాను.

ఆఖరి రోజు ఒక ఇరుకు సముద్రపు పాయలోకి వచ్చాం. నీళ్ళు అద్దంలా ఉన్నాయి. ఆ పొడుగాటి నాయకురాలు మా బల్ల దగ్గరికి వచ్చి, "ఈ పూట ఒడ్డుకు దిగడం లేదు, పడవలో తిరిగి రావడమే. ఓడ పక్క తలుపు నీళ్ళకు దగ్గరగా ఉంటుంది. మెట్ల మీద కూర్చుని ఒక్కొక్కటీ దిగగలరా?" అని పిన్నిని అడిగింది. డాక్టరు మోకాలికి గట్టిగా కట్టు కట్టాడు. పిన్ని ఆ నీళ్ళు దిగని పేంటు వేసుకుంది. పసిపిల్లలు డాబా మెట్లు దిగినట్టు కూర్చుని కూర్చుని దిగింది. కింద ఇద్దరు మనుషులు ఆవిడను రెండు వైపులా పట్టుకుని పడవ అంచు మీద కూర్చోబెట్టారు.

కొంత దూరం పోయాక నాయకురాలు ఇంజను ఆపేసింది. మాట్లాడొద్దని సైగ చేసింది. అప్పుడు వినబడింది. చుట్టూ తేలుతున్న మంచు ముక్కలు చిటపటమంటున్నాయి, పొయ్యి మీద పోపు వేగుతున్నట్టు. ఎన్నో ఏళ్ళ కిందట మంచులో చిక్కుకున్న గాలి, అది కరుగుతుంటే బయటికి వస్తోందట. ఒక మంచు పలక మీద సీలు జంతువొకటి పడుకుని, తలెత్తి మమ్మల్ని చూసి, మళ్ళీ తల దించేసింది. నాయకురాలు నీళ్ళలోంచి గాజులా ఉన్న మంచు గడ్డ ఎత్తి పిన్ని ఒళ్ళో పెట్టింది. పిన్ని గ్లవ్స్ విప్పేసింది. రెండు చేతులతో పట్టుకుని, ఒక కొన విరిచి నోట్లో వేసుకుంది.

"ఉప్పగా నేదే" అంది నా చెవిలో.

పడవ ఒడ్డు పక్కగా పోతున్నప్పుడు నాయకురాలు పడవ నిలిపి, ఒక చదునైన రాయి చూపించింది. పడవ ముక్కు దానికి ఆనిస్తాననీ, చెరోపక్కా మనుషులు పట్టుకుంటారనీ, కావాలంటే ఒక్కసారి కాలు ఆనించి వెనక్కి వచ్చేయొచ్చనీ అంది. పిన్ని ఆ రాయిని చాలాసేపు చూసింది. నీళ్ళు దాని మీదికి వచ్చి జారిపోతున్నాయి.

"వద్దమ్మా" అంది ఇంగ్లీషులో. నా వైపు తిరిగి, "పడ్డాననుకో, ఈళ్ళందరికీ పని. ఇక్కడ్నుంచి బాగానే కనపడతన్నాది" అంది. గొంతులో బాధ ఏదైనా ఉందేమోనని వెతికాను. నాకు దొరకలేదు. కళ్ళు మూసుకుని పెదాలు కదిపింది. ప్రార్థన చేసుకుంటోందని అర్థమై పక్కకు తిరిగాను.

ఓడకు వచ్చాక అడిగాను, "దేవుడ్ని ఏటడిగావు పిన్నీ?"

"ఏటీ అడగనేదు. ఒచ్చినాను అని సెప్పినాను."

తిరుగు ప్రయాణంలో ఆ చెడ్డ సముద్రం ఎందుకో చెరువులా పడుకుని ఉంది. నేను మూడు పూటలా భోజనానికి వెళ్ళాను.

పాతపట్నం వచ్చిన మొదటి ఆదివారం నేనూ పిన్నితో చర్చిలో ఆరాధనకు వెళ్ళాను. చేతికర్ర మీద ఆనుకుని నడిచింది. ఆరాధన అయ్యాక ఆడవాళ్ళంతా చుట్టూ మూగారు. ఫోటోలు చేతులు మారాయి. పేంటు వేసుకున్న ఫోటో దగ్గర కాసేపు నవ్వులు. ఒకామె సూటిగా అడిగింది, "ఆ మంచు మీద కాలెట్టినావా?"

"నేదు."

"మరంత దూరం ఎల్లి!"

"సూసినాను. ముట్టినాను. ఒక ముక్క తిన్నాను కూడాని. మిగతాది మా గుంట నడిసింది, నాకు సెప్పింది."

ఆమె కొంచెం ఆలోచించి, సరే అన్నట్టు తలూపింది. అంతలో టీలు వచ్చాయి. ఎవరో ఈ ఏడు మినుములకు తెగులు తగిలిందని అన్నారు. మాట అటు మళ్ళింది. పిన్ని కర్ర పక్కన పెట్టి, బల్ల మీద కాస్త జరిగి ఇందాక అడిగినామెకు చోటిచ్చి, "మీ సేలో కూడానేటి?" అని అడిగింది.